సొరంగంలో అత్తయ్య

కొత్తగా కట్టిన పిల్లల పార్కు. సాయంత్రం. రేపు పొద్దున్నే తెరుస్తారు. జారుడుబల్ల పైన, పసుపురంగు సొరంగంలోంచి ఒక తలా రెండు భుజాలూ బయటికి కనిపిస్తున్నాయి.

"ఇంకొక్కసారి ప్రయత్నించండి అత్తయ్యా. ఊపిరి వదిలేసి, పొట్ట లోపలికి పీల్చి..."

"వదిలేసి పీల్చడమేంటే? రెండింట్లో ఏదో ఒకటి చెప్పు."

"వదలండి."

"వదిలా."

"కదిలారా?"

"కళ్ళు కదిలాయి."

"అత్తయ్యా, నాకిక్కడ ప్రాణం పోతుంటే మీకు జోకులా?"

"జోకెవరేశారు? నడుం దగ్గర పట్టేసింది. ముందుకి రాదు, వెనక్కి పోదు. సీసాకి బిరడా పెట్టినట్టున్నా."

"అసలు మిమ్మల్నెవరు ఎక్కమన్నారు? రంగు ఆరిందో లేదో చూసొస్తాను, చిట్టిని కనిపెట్టుకుని ఆ బెంచీ మీద కూర్చోండి అన్నాను. ఇటు తిరిగి అటు తిరిగేలోపు..."

"నువ్వే కదే అన్నావు! పిల్లలు వెళ్ళే ప్రతి చోటికీ పెద్దవాళ్ళు వెళ్ళగలగాలి, లేకపోతే పిల్ల లోపల కూర్చుని ఏడుస్తుంటే ఎవరు తెస్తారు, అని. అన్నం తింటూ చెప్పావు. నీళ్ళు తాగుతూ చెప్పావు. మీ ఆయన నిద్రలో ఉంటే లేపి చెప్పావు. సరే, ఆ సంగతేంటో చూద్దామని దూరా."

"చూశారుగా!"

"చూశా. లోపల బాగుంది. చల్లగా ఉంది."

"అమ్మా, నాయనమ్మ గోడకి తగిలించిన బొమ్మలా ఉంది!"

"చిట్టీ, వెనక్కి రా. దాని కింద నిలబడకు. జాగ్రత్త."

"నేనేం చేయట్లేదమ్మా. చూస్తున్నా."

"దూరం నుంచి చూడు. అక్కడ ఇసుక, కాలు మడతపడుతుంది."

"ఆ ఇసుక పోయించిందెవరే, నేనా?"

"నేనే అత్తయ్యా. పిల్లలు పడినా దెబ్బ తగలకూడదని."

"పైనుంచి పుచ్చకాయ కూడా వేసి చూశావు."

"వేశా. పగల్లేదు."

"పగల్లేదు పగల్లేదు అని వీధి చివర్నుంచీ అరుచుకుంటూ ఇంటికొచ్చావు. నేను అది విని ఏం కొంప మునిగిందో అని చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తా. తీరా ఆ కాయ కోస్తే చప్పగా ఉంది."

"ఇప్పుడు పుచ్చకాయ గొడవెందుకు?"

"పుచ్చకాయ పగలని ఇసుకలో నా మనవరాలి కాలు మడతపడుతుందా అని."

"మాట మార్చకండి. మీ చేతులు బయటికున్నాయిగా, అరుగు చుట్టూ ఉన్న ఆ కటకటాలు పట్టుకుని లాగండి."

"లాగితే కటకటాలు ఊడొస్తే?"

"ఊడవు. ఏనుగు లాగినా ఊడవు."

"అయితే ఏనుగుని పిలువు. నా వల్ల కాదు."

"దేవుడా! రేపు పొద్దున్న మా ఆఫీసు పెద్దాయన వస్తారు అత్తయ్యా. వచ్చి అడిగే మొదటి మాటే అది, ఎవరైనా ఇరుక్కుంటారా అని. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళు గీసిన పార్కులకి మొక్కలెక్కడ పెట్టాలి, బెంచీలెక్కడ వేయాలి అని చూడ్డమే నా పని. మొదట్నుంచీ చివరిదాకా నేను గీసింది ఇదొక్కటే. ఇది గనక తప్పిందంటే ఇంకోటి నా చేతికి రాదు."

"తప్పింది నీ పార్కు కాదు, నా నడుం."

"బయటివాళ్ళు అలా అంటారా? సొరంగం మింగేసిందంటారు. ఉండండి, ఫోన్ చేస్తా. చిట్టీ, నువ్వు ఇక్కడే ఉండు. కదలకు."

"నేను పొద్దున్నుంచీ కదలట్లేదమ్మా."

"హలో, వెల్డింగ్ బాబాయ్? ఎక్కడున్నారు? షాపు మూసేశారా? వద్దు, మూయకండి. ఇనుము కోసే మిషను పట్టుకుని ఓసారి పార్కుకి రండి. ... సొరంగం. ... అవును, మీరు పెట్టిందే. కోయాలి. ... మా అత్తయ్య ఇరుక్కుపోయారు. ... నవ్వకండి బాబాయ్. మీ ఆవిడకి చెప్పడం తర్వాత, ముందు నా మాట వినండి. ... అదే కదా! ఇరుక్కోకూడదు! ఆ కొలత ఎక్కడిదో మీకు తెలుసు కదా. ... ఇంకొంచెం దూరం వచ్చి మాట్లాడుతున్నా, ఆవిడ వింటే ఇంట్లో నన్ను ఉండనివ్వదు. ... ఆవిడదే. అప్పట్లో ఓ మధ్యాహ్నం కునుకు తీస్తుంటే నడుం దగ్గర, భుజాల దగ్గర టేపు పెట్టి కొలిచా. దాని మీద ఇంకో జానెడు వదిలాం. ... మరి పార్కుకి పిల్లల్ని తీసుకొచ్చేది ఎవరు బాబాయ్, నాయనమ్మలూ అమ్మమ్మలే కదా. వాళ్ళు పట్టేంత ఉంటే లోకమంతా పడుతుందని. ... మేలుకొని ఉండగా అడగడమా? అత్తయ్యా, కొంచెం నిలబడండి, ఇంట్లో లావు మీరే కాబట్టి మీ కొలత కావాలి, అని ఏ కోడలు అడుగుతుంది? ... టేపు జారిందేమో, చదవడంలో పొరపడ్డానేమో, నాకేం తెలుసు! మీరు త్వరగా రండి."

"ఎవరితోనే అన్ని గుసగుసలు?"

"వెల్డింగ్ బాబాయ్‌తో. వస్తున్నారు. వచ్చి కోసేస్తారు."

"నన్నా?"

"సొరంగాన్ని!"

"అయ్యో, ముచ్చటైన రంగు. చూస్తూ చూస్తూ కోయిస్తావా?"

"మరి మీరు రేపు ప్రారంభోత్సవం అందులోంచే చూస్తారా?"

"ఆ మిషను గీ అని అరుస్తుంటే నా చెవులేం కావాలి? ఆ సంగతి తర్వాత. ముందు కాసిని నీళ్ళియ్యి. నాలుక పిడచకట్టుకుపోతోంది."

"అయ్యో, నీళ్ళు! ఉండండి, సీసా తీసుకుని తాళ్ళ నిచ్చెనెక్కి వస్తా."

"వచ్చి ఎక్కడ నిలబడతావు? నా తల, భుజాలు పోను ఇక్కడ మిగిలింది ఇంత. పిల్లలు పట్టేంత చోటు."

"కటకటాల సందులోంచి అందిస్తా."

"సీసా ఆ సందులో పడుతుందా? పిల్లల తలలు ఇరుక్కోకూడదని వంటింట్లోంచి నా చెంబు తెచ్చి ప్రతి సందులో పెట్టి చూశావు. చెంబుకి సొట్టలు పడ్డాయిగానీ ఒక్క సందులో దూరలేదు."

"సీసా చెంబంత లావుండదు."

"నాకు నీళ్ళు పట్టడానికి నువ్వు కిందనుంచి చెయ్యి చాపితే అవి నా చెవిలో పోతాయి. చిట్టిని పంపు."

"చిట్టినా?"

"ఆ. ఇక్కడ అదైతే సరిపోతుంది."

"అత్తయ్యా, దాని సంగతి మీకు తెలీదా? పార్కు కట్టడం మొదలుపెట్టినప్పట్నుంచీ దాన్ని తీసుకొస్తున్నా. ఒక్క మెట్టెక్కలేదు. ఉయ్యాలని కూడా చేత్తో ముట్టుకుని వచ్చేస్తుంది."

"రేపు అందరికంటే ముందు జారాల్సింది అదే కదా?"

"జారదు. ఇంకో పిల్లని చూసుకోమని ఆఫీసులో చెప్పేశా."

"పార్కు కట్టినావిడ కూతురే జారలేదేంటి అంటారు."

"అననివ్వండి. దాన్ని బలవంతపెట్టను. కొంచెం నెమ్మదిగా మాట్లాడండి, వింటుంది."

"నేను వింటున్నా."

"చిట్టీ, పెద్దవాళ్ళ మాటలు వినకూడదమ్మా."

"మీరే గట్టిగా మాట్లాడుతున్నారు."

"చిట్టి తల్లీ, నాయనమ్మకి దాహమేస్తోంది."

"అమ్మ తెస్తుంది నాయనమ్మా."

"అమ్మ పెద్దదైపోయింది, పట్టదు. నువ్వు సరిగ్గా సరిపోతావు."

"ఎలా రావాలి?"

"ఆ తాళ్ళ నిచ్చెన మీంచి."

"అది ఊగుతుంది."

"ఊగుతుంది. ఎందుకు ఊగుతుందో మీ అమ్మనడుగు."

"కొంచెం ఊగితేనే పిల్లలు గట్టిగా పట్టుకోవడం నేర్చుకుంటారని అలా కట్టించా. కానీ చిట్టీ, నీకు వద్దులేమ్మా. తాళ్ళు చేతికి రాసుకుంటాయి, కాలు సందులో పోతుంది, నువ్వు..."

"అమ్మో! అమ్మాయ్! నా కాళ్ళు!"

"ఏమైంది అత్తయ్యా?"

"కాళ్ళ మీద ఏదో పాకుతోంది! అటు మెట్ల వైపు వెళ్ళి చూడవే!"

"పాకడమేంటి? వస్తున్నా, వస్తున్నా. చిట్టీ, కదలకు!"

"చూశావా?"

"చూస్తున్నా. ఇక్కడేం లేదు."

"నా చెప్పుల్లో చూడు."

"మీ చెప్పులు మెట్ల కిందున్నాయి. ఒకదాని పక్కన ఒకటి బుద్ధిగా విప్పి పెట్టారు."

"అవునా? అయితే కాలి మీదే. సరిగ్గా చూడు."

"చీమ కూడా లేదు అత్తయ్యా."

"మడమ దగ్గర నొక్కు. ఆ, అక్కడే. కొంచెం పైన. పిక్క దగ్గర."

"పాకుతోందన్నారు, నొక్కమంటారేంటి?"

"పాకి, తర్వాత పట్టేసింది. గట్టిగా నొక్కు. అబ్బ! రెండోది కూడా."

"ఇంట్లో ఎన్నిసార్లు నొక్కుతానన్నా వద్దంటారు."

"ఇంట్లో నీకు తీరికెక్కడ? పొద్దున్న లేస్తే, పిల్లలు ఎక్కడెక్కడ పడతారా అని ఆలోచించడమేగా నీ ఉద్యోగం. ఊఁ... ఊఁ... ఇంకోటి. అంతే."

"ఇంకోటేంటి? మీకున్నవి రెండు కాళ్ళు."

"నీతో కాదు."

"మరెవరితో?"

"నాలో నేనే. పెద్దదాన్ని, ఇరుక్కుపోయి ఉన్నా, నాలో నేను మాట్లాడుకోకూడదా? ఆ, బంగారుకొండ. పైది పట్టుకో."

"ఏది పట్టుకోవాలి? అత్తయ్యా, మీకు తల తిరగట్లేదు కదా? రక్తం తలకెక్కలేదు కదా?"

"నాయనమ్మా, ఇవిగో నీళ్ళు!"

"చిట్టీ? చిట్టీ! ఎక్కడున్నావ్?"

"పైన."

"పైన అంటే ఎక్కడ?"

"నాయనమ్మ ముక్కు దగ్గర."

"అయ్యో! కదలకు! అంచుకి వెళ్ళకు! పట్టుకో! కాదు, అది కాదు, అటుది పట్టుకో! జాగ్రత్త! నేను ముందుకి వస్తున్నా, ఒక్క నిమిషం!"

"అమ్మా, అరవకు. నీళ్ళు ఒలికిపోయాయి."

"కొన్ని నా నోట్లో కూడా పడ్డాయిలే. తియ్యగా ఉన్నాయి."

"నువ్వెలా ఎక్కావు తల్లీ? ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ లేరు. సీసా గౌనులో దూర్చుకుని ఎక్కా. కొంచెం ఊగింది. ఆగా. అది కూడా ఆగింది. మళ్ళీ ఎక్కా."

"విన్నావా? ఆగితే అది కూడా ఆగిందట. నువ్వు గీసిన నిచ్చెన నీ కూతురు చెప్తేగానీ నాకర్థం కాలేదు."

"సరే, సరే. ఇప్పుడక్కడే కూర్చో చిట్టీ. బాబాయ్ వచ్చాక దింపుతాం."

"నాయనమ్మా, మనం ఎలా దిగాలి?"

"మెట్ల వైపు నేను అడ్డంగా ఉన్నా. నిచ్చెన మీద వెనక్కి దిగడం ఎక్కినంత తేలిక కాదు."

"ఇంకో దారుందా?"

"నీ వెనకాల ఉంది చూడు."

"అది జారుడుబల్ల."

"అవునా? నాకు సరిగ్గా కనిపించట్లేదు."

"వద్దు వద్దు! అత్తయ్యా, దాన్ని తొందరపెట్టకండి. నేను కటకటాల మీంచి ఎత్తుకుంటా."

"పిల్లలు ఎక్కి దూకకూడదని వాటిని నీ గడ్డం దాకా పెట్టించావు. వాటి మీంచి ఎత్తుతావా?"

"ఏదో ఒకటి చేస్తా!"

"అమ్మా."

"ఏం తల్లీ?"

"జారుడుబల్ల వేడిగా ఉంటుందా?"

"ఉండదమ్మా. మధ్యాహ్నం ఎండ తగలకుండా నీడ వైపు తిప్పి పెట్టించా."

"గీసుకుంటుందా?"

"ఉహూఁ. మీ తాతయ్య ఉన్ని మేజోళ్ళు చేతులకి వేసుకుని పైనుంచి కిందిదాకా రుద్ది చూశాం. ఎక్కడైనా గరుకుంటే ఉన్ని పట్టుకుంటుంది కదా. ఒక్క పోగు కూడా పట్టుకోలేదు."

"పక్కకి పడిపోతానా?"

"పడవు. పక్కన గట్లున్నాయి చూడు, ఎత్తుగా."

"ఆగకుండా ఎక్కడికో వెళ్ళిపోతే?"

"చివర్లో చదునుగా ఉంటుంది. అక్కడికొచ్చేసరికి దానంతటదే నెమ్మదిస్తుంది. లేచి నిలబడ్డమే."

"అయితే జారితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు."

"ఏమీ కాదా?"

"ఏమీ కాదమ్మా."

"మరి నువ్వెందుకు ఎప్పుడూ జాగ్రత్త, జాగ్రత్త అంటావు?"

"అడుగుతోంది, చెప్పవేం?"

"అలవాటు అత్తయ్యా. నోట్లోంచి వచ్చేస్తుంది."

"నాకు చెప్పకు. దానికి చెప్పు."

"అలవాటు చిట్టీ."

"అమ్మా, అటు తిరుగు."

"ఎందుకు?"

"నువ్వు చూస్తే జాగ్రత్త అంటావు. అంటే నా కాళ్ళు బిగుసుకుపోతాయి."

"అననమ్మా. ఒట్టు."

"ఇప్పుడే అనబోయావు. నోరు అలా పెట్టావు."

"పెట్టావే. నేనూ చూశా."

"మీకు కనిపించట్లేదన్నారు!"

"జారుడుబల్ల కనిపించట్లేదన్నా. నీ నోరు వీధి చివరికి కూడా కనిపిస్తుంది."

"సరే. తిరిగా. చాలా?"

"కళ్ళు మూసుకో."

"అటు తిరిగాక మళ్ళీ కళ్ళెందుకే?"

"మూసుకో."

"మూసుకున్నా."

"నాయనమ్మా, అమ్మ నిజంగా మూసుకుందా?"

"వీపు చూస్తే మూసుకున్నట్టే ఉంది."

"కూర్చున్నావా తల్లీ? కాళ్ళు ముందుకి చాపి..."

"అమ్మాయ్."

"సరే సరే, మాట్లాడను."

"మాట్లాడకు."

"అత్తయ్యా, ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

"ఏడుస్తోందా?"

"లేదు."

"చప్పుడేమీ లేదేంటి? తిరగనా?"

"తిరిగావో, నేనే దిగొచ్చి ఒక్కటిస్తా."

"ఎలా దిగొస్తారు, ఇరుక్కుపోయి! ... చిట్టీ? చిట్టీ, భయంగా ఉంటే చెప్పేయమ్మా. పర్లేదు. రేపు కూడా ఎక్కక్కర్లేదు. ఎప్పుడూ ఎక్కక్కర్లేదు. నేను బాబాయ్‌తో చెప్పి..."

"అమ్మా, ఇటు తిరుగు."

"ఏం తల్లీ, దింపేయనా?"

"పైకి కాదు. కిందకి చూడు. నీ వెనకే ఉన్నా. జారేశా!"

"అయ్యో నా తల్లి! ఎప్పుడు?"

"నువ్వు బాబాయ్‌తో చెప్పి అంటున్నప్పుడు."

"నేను చూడలేదే!"

"చూడలేదు కాబట్టే జారింది. ఏమే చిట్టీ, ఎలా ఉంది?"

"పొట్టలో గిలిగింతలు పెట్టింది నాయనమ్మా! అది కూడా అమ్మే పెట్టించిందా?"

"అమ్మనడుగు."

"నేనేం పెట్టించలేదమ్మా. అది ఊరికే వస్తుంది."

"అమ్మా, ఎందుకేడుస్తున్నావు?"

"ఏడవట్లేదు. కంట్లో ఇసుక పడింది."

"నీ ఇసుక ఎగరదన్నావు కదే! పిల్లల కళ్ళల్లో పడకూడదని వెతికి వెతికి ముతకది తెప్పించావు."

"అత్తయ్యా, ఒక్క నిమిషం నన్ను వదిలేస్తారా?"

"నేనెక్కడ పట్టుకున్నా? నన్నే ఇది పట్టుకుంది."

"అమ్మా, మళ్ళీ జారతా! ఈసారి నువ్వు చూడొచ్చు. కానీ మాట్లాడకూడదు."

"మాట్లాడను. చెయ్యి అడ్డం పెట్టుకుంటా, ఇదిగో, నోటికి."

"చిట్టీ, నిచ్చెన దగ్గరే ఆగు తల్లీ, అప్పుడే ఎక్కకు. అమ్మాయ్, ఏదో బండి చప్పుడవుతోంది?"

"వెల్డింగ్ బాబాయ్ వచ్చేశారు అత్తయ్యా. గేటు తీసి మిషను దింపుతున్నారు. కాస్త ఓర్చుకోండి. చెవుల్లో దూది పెడతా. కోసేయనివ్వండి, పోతే పోయింది. ఇంకో సొరంగం చేయించుకుంటా. చిట్టి జారింది, నాకది చాలు."

"మిషను మళ్ళీ బండెక్కించమను."

"కోయకుండా మిమ్మల్ని ఎలా తీయాలి?"

"చిట్టీ, పక్కకి జరుగు. అమ్మాయ్, నువ్వు కూడా."

"అత్తయ్యా, ఏం చేస్తున్నారు? ఆగండి! కదులుతున్నారేంటి? మీరు ఇరుక్కుపోయారు కదా!"

"నిద్రపోతున్నాననుకుని నువ్వు నడుం చుట్టూ టేపు పెట్టినప్పుడు, సొరంగం ఇరుకు కాకూడదని ఊపిరి బిగబట్టి, పొట్ట ఉబ్బించి మరీ పడుకున్నానే పిచ్చిదానా! నా కొలతకి కట్టిన సొరంగంలో నేనెలా ఇరుక్కుంటాను? తప్పుకో, వస్తున్నా!"